చలికాలంలో చర్మం: స్నానం ముగిసిన మూడు నిమిషాల్లో చేయాల్సిన పని

బాత్రూం అరలోని కొబ్బరినూనె సీసా గడ్డకట్టిందంటే గది వేడి 24 డిగ్రీల కిందికి దిగిందన్నమాట. హైదరాబాద్‌లో సాధారణంగా కార్తీక మాసం నడుస్తుండగా ఈ ముచ్చట మొదలవుతుంది. చర్మం సంగతి చూసుకోవడం కూడా ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. చాలామంది అలా చేయరు. పిక్కల మీద గోటితో గీస్తే తెల్లగీత పడాలి, మడమలు దుప్పటి పోగులకు పట్టుకోవాలి, రాత్రి దురదతో నిద్ర చెడాలి, అప్పుడుగానీ మెడికల్ షాపు గుర్తురాదు. మొదట్లో రోజుకు ఐదు నిమిషాలతో తీరే పని అప్పటికి రెండు మూడు వారాల వైద్యం అయి కూర్చుంటుంది.

ఈ ఊరి గాలి ఎందుకు పీల్చేస్తుంది

విశాఖ నుంచో కాకినాడ నుంచో ఉద్యోగానికి వచ్చినవాళ్లకు మొదటి చలికాలంలోనే తేడా తెలిసిపోతుంది. అక్కడ సముద్రపు తేమ ఉంటుంది. ఇక్కడ సముద్రం దూరం, దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైబడిన ఎత్తు, వానలు వెనక్కి తగ్గాక వీచే పొడిగాలి. తెల్లవారుజామున పటాన్‌చెరు వైపో రాజేంద్రనగర్ వైపో పొగమంచు కమ్ముకుంటే గాలి నిండా తేమే ఉందనిపిస్తుంది. ఆ లెక్క మధ్యాహ్నానికి తారుమారవుతుంది. 14 డిగ్రీల దగ్గర నిండుకుండలా ఉన్న గాలే 28 డిగ్రీలకు వేడెక్కితే, దానికి పట్టగల తేమలో సగం కూడా అందులో ఉండదు. మిగతా లోటును అది ఎక్కడ దొరికితే అక్కడ తీర్చుకుంటుంది: ఆరేసిన బట్టల నుంచి, మన చర్మం నుంచి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏసీ కింద తొమ్మిది గంటలు కూర్చునేవాళ్లకు ఈ ఆరబెట్టడం రెండింతలు. చల్లబరిచే పనిలో ఏసీ గాలిలోని తేమను కూడా తీసి బయటకు కారుస్తుంది కదా.

చర్మం పైపొరను నువ్వుండతో పోల్చుకోవచ్చు. అందులోని చచ్చిన కణాలు నువ్వులైతే, వాటిని పట్టి ఉంచే పాకం సెరమైడ్లు (చర్మంలోనే ఉండే ఒక రకం కొవ్వులు), కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. పాకం సరిగ్గా ఉన్నంతసేపు లోపలి నీరు బయటకు పోదు, బయటి మురికి లోపలికి రాదు. మరీ వేడినీళ్లు, ఘాటైన సబ్బు, పీచుతో రుద్దడం, ఈ మూడూ కలిసి ఆ పాకాన్ని కరిగించేస్తాయి. ఉండ పొడిపొడిగా రాలినట్టు చర్మం పొట్టు లేస్తుంది. ఆ సందుల్లోంచి నీరు ఆవిరై పోతుంది, సబ్బు నురగ లోపలికి దిగి చురచురలాడిస్తుంది.

రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగితే చర్మం మెరుస్తుందనే సలహా ఈ కాలంలో బాగా వినిపిస్తుంది. దాహానికి తగ్గట్టు తాగండి, చలికాలంలో తాగడం మరిచిపోయే పెద్దవాళ్లకు గుర్తు చేయండి. అంతకు మించి తాగిన నీళ్లు పిక్కల మీది పొట్టును తగ్గించవు. లీకు పైనుంది, దాన్ని పైనుంచే మూయాలి.

స్నానం దగ్గరే సగం నష్టం

గీజరు నీళ్లు పొగలు కక్కుతుంటే హాయిగానే ఉంటుంది. దురద ఉన్నవాళ్లకు ఇంకా హాయి, ఎందుకంటే ఆ వేడికి దురద కాసేపు ఆగుతుంది. గంట తిరిగేసరికి రెట్టింపై వస్తుంది. నీళ్లు 37 నుంచి 39 డిగ్రీల మధ్య చాలు. థర్మామీటరు లేకపోతే మణికట్టు లోపలివైపు పోసుకుని చూడండి: వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. స్నానం అయ్యాక ఒళ్లు ఎర్రబడినా, అద్దం మొత్తం ఆవిరి పట్టినా నీళ్లు ఎక్కువ వేడిగా ఉన్నట్టే. బకెట్‌లో ముందు చన్నీళ్లు సగం పట్టి, తర్వాత వేడినీళ్లు కలుపుకుంటే కొలత కుదురుతుంది, పిల్లలకు కాలే ప్రమాదం కూడా తప్పుతుంది. స్నానం ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ముగించాలి. రోజుకు ఒక్కసారి చాలు. సాయంత్రం జిమ్ నుంచి వచ్చి మళ్లీ చేయక తప్పదంటే రెండోసారి సబ్బు లేకుండా ఒట్టి నీళ్లు పోసుకోండి.

సబ్బు విషయం కొంచెం వివరంగా చూడాలి. మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మానిది 5 దరిదాపుల్లో ఉండే మెత్తటి ఆమ్లగుణం. సబ్బు వాడిన ప్రతిసారీ చర్మం తన గుణానికి తిరిగి రావడానికి గంటల సమయం పడుతుంది. సబ్బు కవరు మీద టీఎఫ్‌ఎం అని ఒక అంకె వేస్తారు, సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో అది చెబుతుంది. 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 70 అయితే రెండోది, 60 అయితే మూడోది. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉంటే అది ఈ గ్రేడుల కిందికి రాదు. అంకె పెద్దదైతే సబ్బు మేలురకం అని అర్థం, అంతమాత్రాన దాని క్షారగుణం పోదు. చర్మం నిజంగా పగులుతున్నవాళ్లు చలికాలం నాలుగు నెలలూ సిండెట్ బార్‌కు మారడం మంచిది. చూడటానికి సబ్బులాగే ఉంటుంది గానీ అందులో సబ్బు ఉండదు, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. మెడికల్ షాపులో ‘సోప్ ఫ్రీ’ అని అడిగితే ఇస్తారు.

సిండెట్‌కు మారమనడానికి ఈ ఊళ్లో మరో కారణం బోరు నీళ్లు. అపార్టుమెంటుకు వచ్చే ట్యాంకరు నీళ్లు కూడా చాలాచోట్ల బోరువే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలిసి నురగ రాకుండా తెల్లటి జిగురుగా మారుతుంది. బకెట్ అంచున, కుళాయి చుట్టూ పేరుకునే ఆ తెట్టే మీ వీపు మీద కూడా ఉండిపోతుంది. ఎంత కడిగినా జారుతున్నట్టు, పట్టేసినట్టు అనిపించేది దానివల్లే. సిండెట్ ఇలా విరగదు. ఇంట్లో మంజీరా, కృష్ణా లేదా గోదావరి నల్లా నీళ్లు కూడా వస్తుంటే, చివరి రెండు మగ్గులు అవి పోసుకోండి. వాటర్ ఫిల్టరు నుంచి పక్కకు పోయే నీళ్లను పారబోయడం ఇష్టంలేక స్నానానికి వాడేవాళ్లున్నారు. అందులో లవణాలు మొదటి నీళ్లకంటే ఎక్కువ. వాటితో బాల్కనీ కడుక్కోండి. ఇక ఇంటి మొత్తానికి సాఫ్టనర్ పెట్టిస్తే సబ్బు బాగా వదులుతుంది, గీజరు కాయిల్ ఎక్కువకాలం వస్తుంది. పిల్లల ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) తగ్గుతుందన్న ఆశతో మాత్రం పెట్టించకండి. సరిగ్గా ఆ ప్రశ్న మీదే బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి, అదనపు లాభం కనబడలేదు.

సబ్బు లేదా బార్ రోజూ పడాల్సింది చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే మడతలకే. చేతులకు, కాళ్లకు, వీపుకు నీళ్లు చాలు, రెండు మూడు రోజులకోసారి తేలిగ్గా రాస్తే సరి. పీచు, నైలాన్ జాలీ, రాయి, వీటిని ఫిబ్రవరి దాకా కొక్కేనికే వేలాడనివ్వండి.

మూడు నిమిషాలు

తువ్వాలుతో రుద్ది తుడవకండి, అద్దండి. నీటి బొట్లు పోవాలి, తడి మాత్రం మిగలాలి. బాత్రూం తలుపు తీయకముందే, ఆ ఆవిరిలోనే, మూడు నిమిషాలు దాటకుండా క్రీమ్ రాసేయాలి. స్నానంలో పైపొర కొంత నీరు పీల్చుకుంటుంది. ఆ నీటికి మూత పెట్టడమే క్రీమ్ పని. బయటకొచ్చి చీర కట్టుకుని, దీపం పెట్టి, కాఫీ తాగి అరగంట తర్వాత రాస్తే మూత పెట్టేది ఖాళీ గిన్నెకు. ‘ఎంత ఖరీదైనది రాసినా పనిచేయట్లేదు’ అనేవాళ్లలో ఎక్కువమంది తప్పు ఇక్కడే ఉంటుంది. పొద్దున హడావుడిలో వీలుకాదనుకుంటే స్నానాన్ని రాత్రికి మార్చుకోండి. రాత్రంతా దుప్పటి కింద క్రీమ్ కదలకుండా పనిచేస్తుంది.

రెండో తప్పు కొలత. చర్మవైద్యులు వాడే లెక్క ఒకటుంది. ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవున తీసిన క్రీమ్ సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పెద్దవాళ్లకు ముఖం, మెడ కలిపి ఇలాంటివి రెండున్నర, ఒక్కో చేతికి మూడు, ఒక్కో కాలికి ఆరు, ఛాతీ పొట్టలకు ఏడు, వీపుకు ఏడు, మణికట్టు కింది చేతికి రెండు వైపులా కలిపి ఒక్కొక్కటి, పాదాలకు రెండేసి. మొత్తం సుమారు నలభై, అంటే 20 గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాలు. ఈ లెక్కన 200 మి.లీ. సీసా ఒక్క మనిషికి పది రోజులు వస్తుంది. మీ ఇంట్లో నలుగురికి కలిపి ఒక సీసా నెల్లాళ్లు వస్తోందంటే ఎంత తక్కువ రాస్తున్నారో చూసుకోండి. రోజూ ఒళ్లంతా రాయడం కుదరకపోతే నూనె గ్రంథులు తక్కువగా ఉండే చోట్లకు ముందు పెట్టండి: మోకాలి కింద కాలి ముందు భాగం, ముంజేతులు, నడుము పక్కలు. ముఖం చివర. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

రాసేటప్పుడు వెంట్రుకలు వాలిన దిశలోనే, పైనుంచి కిందికి రాయండి. ఎదురు రుద్దితే వెంట్రుకల మొదళ్లలో చిన్న చిన్న కురుపులు లేస్తాయి. చమురు కాళ్లతో బాత్రూం గచ్చు మీద నడవకూడదు. పెద్దవాళ్లను ముందు కూర్చోబెట్టి, రాశాక చెప్పులు తొడిగి లేపండి.

ఏది కొనాలి

లోషన్‌లో నీరు ఎక్కువ, క్రీమ్‌లో తక్కువ, పెట్రోలియం జెల్లీలాంటి ఆయింట్‌మెంట్‌లో అసలుండదు. పగలు ఆఫీసుకు క్రీమ్, రాత్రి కాళ్లకు జెల్లీ, ఈ జత హైదరాబాద్ చలికి సరిపోతుంది. ఒట్టి లోషన్ డిసెంబరు, జనవరుల్లో చాలామందికి చాలదు.

డబ్బా వెనక రాసిన పదార్థాల్లో మొదటి ఐదారు పేర్లు చదవండి, ఎక్కువ ఉన్నవే ముందు రాస్తారు. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది. పెట్రోలేటమ్, లిక్విడ్ పారఫిన్, డైమెథికోన్ మూత వేస్తాయి. సెరమైడ్లు ఉంటే పాకం బాగుచేయడానికి సాయం. మీద బాదం, కేసరి, తేనె బొమ్మలుండి, ఇవేవీ మొదటి వరసలో లేకపోతే డబ్బు బొమ్మకు పెడుతున్నట్టే. చర్మం త్వరగా ఎర్రబడేవాళ్లు సువాసన లేనిది తీసుకోవాలి. కొత్తది ఏదైనా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూశాకే ఒంటికి వాడండి.

గరుకుగా, చేప పొలుసులా ఉన్న కాళ్లకు 10 శాతం యూరియా క్రీమ్ బాగా పనిచేస్తుంది. నీటిని పట్టి ఉంచుతుంది, పేరుకున్న పొట్టును మెత్తబరుస్తుంది. పగిలి రక్తం వచ్చిన చోట రాస్తే మాత్రం మండుతుంది. ముందు నాలుగు రోజులు జెల్లీతో పగుళ్లు మూసుకోనిచ్చి, తర్వాత యూరియాకు వెళ్లాలి. లాక్టిక్ ఆమ్లం ఉన్నవాటికీ ఇదే నియమం. పసిపిల్లలకు ఈ రెండూ వద్దు.

ఇంట్లో తాతల కాలం నుంచీ ఉన్న గ్లిజరిన్, గులాబ్ జల్ మంచి జోడీయే, కలిపే పాళ్లు తెలిస్తే. 15 మి.లీ. గ్లిజరిన్‌కు 45 మి.లీ. గులాబ్ జల్, అంటే ఒకటికి మూడు. చిక్కటి గ్లిజరిన్ నేరుగా రాస్తే, పొడిగాలిలో దానికి బయట తేమ దొరక్క చర్మం లోపలి నీటినే లాక్కుంటుంది. అందుకే కాసేపటికి ముఖం బిగుసుకున్నట్టు అనిపించేది. కలిపింది తడి చర్మానికి రాసి, ఆరేలోపు పైన పలుచగా జెల్లీ గానీ క్రీమ్ గానీ అద్దండి. కొద్దికొద్దిగా కలుపుకుని ఫ్రిజ్‌లో పెట్టి పది రోజుల్లో అవగొట్టాలి. ఇందులో నిమ్మరసం పిండే అలవాటు మానేయండి. పగిలిన చర్మానికి అది మంట. పైగా నిమ్మరసం ఉన్న చోట ఎండ తగిలితే బొబ్బలెక్కి, నెలల తరబడి పోని నల్లమచ్చ మిగులుతుంది.

నూనె, నలుగు

సంక్రాంతికి తలంటు లేకుండా కుదరదు, మానక్కర్లేదు కూడా. వరస మార్చుకుంటే చాలు. నువ్వుల నూనె, కొబ్బరినూనె రెండూ ఒంటికి మంచివే. అయితే నూనె నీరు కాదు, అది మూత మాత్రమే. నూనె పట్టించి, గంట నానబెట్టి, ఆ తర్వాత సున్నిపిండితో జిడ్డంతా పోయేదాకా రుద్దేస్తే చర్మం దగ్గర మిగిలేది సున్నా. పైగా పిండి చర్మపు సొంత జిడ్డును కూడా పీల్చుకుపోతుంది.

గోరువెచ్చటి నూనె ఒంటికి పట్టించి 15, 20 నిమిషాలు ఉంచండి. నలుగుకు పలుచటి బట్టతో జల్లించిన మెత్తటి పెసరపిండి రెండు చెంచాలు, మీగడ ఒక చెంచా, నువ్వుల నూనె అర చెంచా, చిటికెడు పసుపు కలపండి. బియ్యప్పిండి, బరక శనగపిండి కలపకండి, అవి గీరుకుపోతాయి. పొడిగా రుద్దడం కాకుండా పలుచగా పూసి, ఆరనివ్వకుండానే కడిగేయాలి. నీళ్లు పోసుకున్నాక ఒళ్లు తడిగా ఉండగానే అరచేతిలో అర చెంచా నూనె తీసుకుని కాళ్లూ చేతులకు మళ్లీ రాయండి. ఇది వారానికి ఒకసారి మించకూడదు. పగుళ్లు, ఎగ్జిమా ఉన్న చోట నలుగు అసలే వద్దు. ముల్తానీ మట్టిని ఎండాకాలానికి దాచుకోండి.

నూనె గానీ జెల్లీ గానీ పీల్చిన బట్టలు మామూలు బట్టలకంటే త్వరగా అంటుకుంటాయి. ఒళ్లంతా రాసుకుని, అదే చీరతోనో శాలువాతోనో భోగి మంట దగ్గరికి, గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు.

మడమల పగుళ్లు

మడమ చర్మం దళసరి, అక్కడ నూనె గ్రంథులుండవు. ఎండితే సాగదు. ఆపైన ఒంటి బరువు పడితే అంచున చీలుతుంది. వెనక పట్టీ లేని చెప్పులతో, గట్టి టైల్స్ మీద వట్టి కాళ్లతో గంటల తరబడి నిలబడేవాళ్లకు, అంటే వంటింట్లో ఉండేవాళ్లకు, షాపుల్లో పనిచేసేవాళ్లకు పగుళ్లు ఎక్కువ.

రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్లలో పాదాలు పది నిమిషాలు పెట్టండి. ఉప్పు, షాంపూ, సోడా ఏమీ వేయనక్కర్లేదు. తడిగా మెత్తబడ్డాక ప్యూమిస్ రాయితో ఒకే దిశలో, మెల్లగా, ఒక్కో మడమకు నిమిషం పాటు రాయాలి. అడుగున గులాబీ రంగు చర్మం కనబడేదాకా రుద్దడం పొరపాటు. ఆ ఒత్తిడికి చర్మం ఇంకా దళసరిగా పెరుగుతుంది. వారానికి రెండుసార్లకు మించి రాయి పట్టొద్దు. బ్లేడుతో కోయడం ఎవరికీ మంచిది కాదు. పాదాలు అద్దిన వెంటనే 20 నుంచి 25 శాతం యూరియా ఉన్న మడమల క్రీమ్, దానిమీద పెట్రోలియం జెల్లీ, ఆపైన నూలు సాక్సులు. రాయి పట్టని రోజుల్లో కూడా క్రీమ్, సాక్సులు తప్పకూడదు. మూడో రోజుకు మెత్తబడుతుంది, రెండు వారాలకు చీలికలు మూసుకుంటాయి. మెత్తబడగానే మానేస్తే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. పగలు వెనక భాగం మూసి ఉన్న చెప్పులు, ఇంట్లో మెత్తటి స్లిప్పర్లు వాడండి.

పగులు లోతుగా ఉండి రక్తం వస్తుంటే రాయి, యూరియా రెండూ ఆపి, జెల్లీ పెట్టి కట్టు కట్టండి. మైనం కరిగించి వేడిగా పోయడం లాంటివి చేయొద్దు.

షుగరు ఉన్నవాళ్లకు పై పద్ధతి వర్తించదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే నీళ్లు కాలుతున్నాయని తెలియదు, రాయి గీరుకున్నా తెలియదు. నానబెట్టడం, రాయి, ఘాటు క్రీములు అన్నీ మాని, రోజూ రాత్రి అద్దంలో అరికాళ్లు చూసుకుని, వేళ్ల సందులు వదిలి మిగతా పాదానికి మామూలు క్రీమ్ రాయాలి. సందుల్లో తడి నిలిస్తే బూజు పడుతుంది. పగులు చుట్టూ ఎరుపు, వాపు, చీము, వీటిలో ఏది కనబడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెదవులు, చేతులు, ముఖం, తల

పెదవులు ఎండగానే నాలుకతో తడుపుతాం. లాలాజలం ఆరుతూ ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది, అందులోని జీర్ణరసాలు పలుచటి పెదవి చర్మాన్ని కొరుకుతాయి. జెల్లీ గానీ నెయ్యి గానీ రోజుకు ఐదారుసార్లు రాయండి. చల్లగా జిల్లుమనే బామ్‌లలో మెంథాల్, కర్పూరం ఉంటాయి, వాటివల్ల ఎండడం పెరుగుతుంది. లేచిన పొట్టును పళ్లతో లాగొద్దు. పెదవుల మూలలు చీలి మానకుంటే అది చలి పని కాకపోవచ్చు, చూపించుకోండి.

గిన్నెలు తోమేవాళ్లకు చేతులే ముందు పగులుతాయి. రబ్బరు గ్లవ్స్ లోపల పలుచటి నూలు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే లోపలి చెమటే చెరుపు. సింకు పక్కనే ఒక క్రీమ్ ట్యూబు పెట్టుకుంటే చేయి తడి ఆరకముందే రాసుకోవడం అలవాటవుతుంది. పనమ్మాయికి కూడా ఒకటి కొనివ్వండి, రోజూ నాలుగిళ్ల గిన్నెలు కడిగే చేతులవి.

జిడ్డు ముఖం ఉన్నవాళ్లు కూడా చలికాలంలో ఏదో ఒకటి రాయాలి. జెల్ మాదిరి తేలికైనది, డైమెథికోన్, గ్లిజరిన్ ఉన్నది సరిపోతుంది. మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనె వద్దు. మొటిమలకు రెటినాయిడ్ గానీ బెంజాయిల్ పెరాక్సైడ్ గానీ వాడుతూ పొట్టు లేస్తుంటే, డాక్టరును అడిగి రోజు విడిచి రోజుకు మార్చుకోండి, ముందు క్రీమ్ రాసి దానిమీద మందు రాయండి. బండి మీద పొద్దున్నే వెళ్లేవాళ్లు ముక్కు పక్కల, చెంపల మీద పలుచగా జెల్లీ అద్ది ముఖమంతా మూసే హెల్మెట్ పెట్టుకుంటే గాలి కోత తగ్గుతుంది.

నీరెండ కదా అని గంటలకొద్దీ ఎండలో కూర్చోకండి. హైదరాబాద్‌లో డిసెంబరు 21న కూడా నడిమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చలిగాలికి వేడి తెలియదు, చర్మం మాత్రం నల్లబడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ముఖం మెడలకు రెండు వేళ్ల పొడవున, క్రీమ్ రాసిన పది నిమిషాల తర్వాత.

తలలో పొట్టు రాలితే ఎండిపోయిందని నూనె పెడతారు. చుండ్రుకు కారణం ఎక్కువసార్లు ఒక రకం ఫంగస్, దానికి జిడ్డే ఆహారం. కిటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడిగేస్తే నాలుగు వారాల్లో తగ్గుతుంది.

పసివాళ్లు, పెద్దవాళ్లు

పసిపిల్లలకు ఐదు నిమిషాల స్నానం, మోచేతితో చూసిన గోరువెచ్చటి నీళ్లు. మర్దనకు కొబ్బరినూనె మంచిది, గడ్డకట్టిన సీసాను వేడినీళ్ల గిన్నెలో పెడితే కరుగుతుంది, నేరుగా పొయ్యి మీద పెట్టకండి. ఆవనూనె, ఆలివ్ నూనె అంత మంచివి కావు. వెంట్రుకలు పోతాయని పిండి ముద్దతో ఒళ్లంతా రుద్దడం పసి చర్మానికి పెద్ద దెబ్బ. ఆ వెంట్రుకలు వాటంతటవే రాలతాయి. సాంబ్రాణి పొగ కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు, నానమ్మలు కోప్పడినా ఇది చెప్పక తప్పదు. అటక మీంచి దించిన రజాయిలు, స్వెట్టర్లలో కలరా ఉండల వాసన ఉంటే ఉతికి, ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయాకే పిల్లలకు వాడండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్న శిశువుల్లో ఆ ఆవిరి రక్తకణాలను విరగ్గొడుతుంది. ఉన్ని నేరుగా ఒంటికి తగిలితే గుచ్చుకుని దురద పెడుతుంది, లోపల నూలు చొక్కా ఉండాలి.

బడి పిల్లల చెంపల మీద తెల్లటి మచ్చలు ఈ కాలంలో తేలతాయి. కాల్షియం తక్కువనీ, కడుపులో నులిపురుగులనీ మందులు పోస్తారు. చాలావరకు అది తేలికపాటి పొడి ఎగ్జిమా. రోజుకు రెండుసార్లు క్రీమ్, ఎండకు టోపీ, కొన్ని నెలల ఓపిక. స్పర్శ తెలియని మచ్చ అయితే మాత్రం తప్పకుండా డాక్టరుకు చూపించాలి.

అరవై దాటినవాళ్ల కాళ్ల మీద ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనబడితే అది ఎగ్జిమా మొదలైనట్టు. స్నానం రోజు విడిచి రోజు చేయించి, సబ్బు ఆపి, రోజుకు రెండుసార్లు జెల్లీ రాస్తే పది రోజుల్లో సగం తగ్గాలి. తగ్గకుండా ఒళ్లంతా దురదే ఉంటే థైరాయిడ్, మూత్రపిండాలు, షుగరు పరీక్షలు చేయించండి, వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకెళ్లండి.

పొడి కానిదాన్ని పొడి అనుకుంటే

రాత్రి దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న పొక్కులు, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి: ఇది గజ్జి. ఎన్ని క్రీములు రాసినా పోదు, ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వాడాలి. అంచు ఎర్రగా లేచి, నడుమ తేటగా, గుండ్రంగా పాకేది తామర. వెండి రేకుల్లాంటి పొలుసులు మోచేతులు, మోకాళ్లు, తల మీద ఉంటే సోరియాసిస్ కావచ్చు, అది చలికి ముదురుతుంది.

వీటిలో దేనికీ మెడికల్ షాపులో ‘దురద ట్యూబు’ అడిగి తెచ్చుకోవద్దు. అలా చేతికిచ్చేవాటిలో చాలావరకు ఘాటైన స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపినవి. రెండు రోజులకు దురద మాయమవుతుంది, అడుగున తామర పాకుతూనే ఉంటుంది, చర్మం పలుచబడి చారలు పడుతుంది. పొలుసుల నుంచి పసుపు రసి కారినా, పగుళ్ల నుంచి రక్తం వచ్చినా, రెండు వారాలు సరిగ్గా రాసినా మార్పు లేకపోయినా చర్మవైద్యులకు చూపించండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్లే రోజు దురద ఉన్న చోట ఏమీ రాయకుండా వెళ్లండి, ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. గాలిలో పొడితనం మాత్రం మార్చి దాటినా ఉంటుంది, చెమట మొదలవుతుంది కాబట్టి మనకు తెలియదు. అప్పుడు క్రీమ్ నుంచి లోషన్‌కు దిగండి, మడమలకు మాత్రం రాత్రి సాక్సులు ఉగాది దాకా కొనసాగించండి. మిగిలిన డబ్బా మీద తెరిచిన మూత బొమ్మ, పక్కన 6ఎం లేదా 12ఎం అని ఉంటుంది, తెరిచిన రోజు నుంచి అన్ని నెలలు వాడొచ్చని దాని అర్థం. మూత మీద స్కెచ్ పెన్నుతో తెరిచిన తేదీ రాసి పెట్టుకుంటే వచ్చే కార్తీకానికి అది పనికొస్తుందో లేదో తెలుస్తుంది.